మామ చేతి గడియారం, మా ఇంటి గడప

మా మామ చేతి గడియారం గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. వస్తువు మీద కోపమేమిటి, నోరులేనిది, అది ఏం చేసింది పాపం అని మా ఆయన అంటాడు. ఏం చేసిందో చెబుతాను. నా పరీక్షను మింగింది. రెండేళ్ళు కూర్చుని చదివిన పరీక్షను, తొమ్మిది నిమిషాల తేడాతో.

మాది తిరుత్తణి. మాది అంటే మెట్టినింటి మాట. నేను పుట్టింది పళ్ళిపట్టులో, ఆంధ్రా ఎల్లకు కూతవేటు దూరంలో. మా నాయనకు అక్కడ చిన్న పచారీ అంగడి. ఆ పక్క కొన్ని బళ్ళలో ఇంకా తెలుగులో పాఠాలు చెబుతారు. నేను అలాంటి బళ్ళోనే చదివి, తర్వాత తిరుపతి వైపు పోయి బి.ఎడ్. కూడా చేసి వచ్చాను. ఆ బళ్ళకు తెలుగు టీచర్లు కావాలంటే ప్రభుత్వం ఎప్పుడో బుద్ధి పుట్టినప్పుడు ఒక పరీక్ష పెడుతుంది. మళ్ళీ ఎన్నేళ్ళకు పెడుతుందో దానికే తెలియదు. ఆ ఉద్యోగం తప్ప నాకు వేరే ఆశ ఏదీ లేదు. పెళ్ళిమాటలప్పుడే ఈ సంగతి చెప్పాం. "వస్తే పోనీలే. ఇంట్లో ఒక టీచరుంటే మర్యాదే గదా" అన్నాడు మామ. ఆ మాట నమ్మి తాళి కట్టించుకున్నాను.

వాళ్ళది స్టీలు పాత్రల అంగడి. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, రాతకోతలన్నీ తమిళంలోనే. తెలుగులో అచ్చయిన పెళ్ళిపత్రిక వస్తే మా ఆయన దాన్ని పట్టుకుని వంటింట్లోకి వస్తాడు, చదివిపెట్టమని. అత్తగారు నా పెళ్ళికి ముందే పోయింది. ఇంట్లో మేము ముగ్గురమే. అంగడిలో పనిచేసే నలుగురికి మధ్యాహ్నం సాపాటు కూడా మా ఇంటి నుంచే పోవాలి. అంటే నా చేతి నుంచే.

మామకు అరవై నిండాయి. భార్య ఉండుంటే కొడుకులు అరవయ్యేళ్ళ పెళ్ళి చేసేవాళ్ళు. ఆవిడ లేదు గనుక దానికి బదులు గడియారం కొనిపెట్టారు, చెన్నైలో ఉండే మా బావగారూ మా ఆయనా కలిసి. స్విట్జర్లాండు సరుకు. దానికి సెల్లు ఉండదు. చేతికి కట్టుకుని తిరుగుతుంటే చాలు, ఆ కదలికకు లోపలి బరువు ఊగి స్ప్రింగు తనంతట తానే చుట్టుకుంటుంది. వెనకవైపు అద్దం పెట్టారు, దాంట్లోంచి అర్ధచంద్రంలాంటి ఆ బిళ్ళ ఊగుతూ కనిపిస్తుంది. సెకన్ల ముల్లు అందరి గడియారాల్లోలాగా టిక్కు టిక్కుమని ఆగి ఆగి పోదు, నూనె రాసినట్టు జారిపోతుంది. దాని ఖరీదు ఎవరూ అడక్కుండానే మామ చెప్పేవాడు. "కారు" అనేవాడు. "చేతికి కారు కట్టుకోనుండాను."

ఈ ప్రాంతంలో రాహుకాలం చూడనివాళ్ళు లేరు. మా నాయనా చూసేవాడు. కాని ఆ చూడటంలో ఒక వదులు ఉండేది. అంగడి గోడ మీది గడియారం ఐదు నిమిషాలు ముందుంటుంది, బస్సు పది నిమిషాలు వెనకుంటుంది, మధ్యలో దేవుడు సర్దుకుంటాడు. మామ కూడా అంతకుముందు అలాగే ఉండేవాడని మా ఆయన చెబుతాడు. కారు చేతికొచ్చాక ఆయనకు సెకన్ల పిచ్చి పట్టింది. గడప పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. ఎడమచెయ్యి ఎత్తి, ముల్లు పన్నెండు మీదికి వచ్చేదాకా చూసి, "ఊఁ, పోండి" అనేవరకు ఎవరూ గడప దాటకూడదు. సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది. శనివారం తొమ్మిది నుంచి పదిన్నర. శనివారాలు అంగడి తెరిచేది కూడా ఆ తర్వాతే. తాళం వేసిన షట్టరు ముందు పనివాళ్ళు ఎండలో నిలబడి ఉండేవాళ్ళు. వాళ్ళ జేబుల్లో ఫోన్లుండేవి, వాళ్ళకూ టైం తెలుసు.

మామ గురించి ఒక సంగతి చెప్పకపోతే తర్వాతి కథ అర్థం కాదు. ఆయన కదలడు. సోమరి అని కాదు, అంగడిలో యజమాని కదలకూడదని ఆయన నమ్మకం. ఎడమచెయ్యి గల్లాపెట్టె మీద పెట్టాడంటే మళ్ళీ సాపాటుకు లేచినప్పుడే దాన్ని తీసేది. గ్లాసు నీళ్ళు కావాలంటే నోరు కదులుతుంది, చెయ్యి కదలదు. ఇంటికొచ్చినా అంతే. ఫ్యాను స్విచ్చి ఆయన తలకు జానెడు దూరంలో ఉంటుంది, వంటింట్లో పిండి చేతులతో ఉన్న నేను వచ్చి వేయాలి. చెయ్యి ఆడితే తప్ప నడవని గడియారాన్ని వెతికి వెతికి ఈ మనిషికి కట్టారు కొడుకులు.

కొన్ని రోజులు అది రాత్రిపూట ఆగిపోయేది. తెల్లారి ఆయన చేతిలోకి తీసుకోగానే ఆ ఊపుకు మళ్ళీ నడవడం మొదలుపెట్టేది. రాత్రి రెండింటికే ఆగిన రోజు తేడా గంటల్లో ఉంటుంది గనుక కనబడిపోయేది. "ఎవురు ముట్టుకున్నారు నా వాచీని?" అని ఇల్లు అదిరిపోయేది. ఇంట్లో తుడిచేది, సర్దేది నేనొక్కదాన్నే గనుక ఆ అరుపు నాకే. తర్వాత వంటింటి గోడకున్న ప్లాస్టిక్ గడియారాన్ని చూసి టైం సరిచేసుకునేవాడు. అది ఏదో అంగడివాడు కొత్త సంవత్సరానికి ఊరికే ఇచ్చింది. పేరు గొప్ప ఊరు దిబ్బ అని నేను లోపల్లోపల అనుకునేదాన్ని. కాని ఆయన లేవడానికి పది నిమిషాల ముందు ఆగిందనుకోండి, అప్పుడు ఎవరికీ తెలియదు. ఆ పది నిమిషాల వెనకబాటుతోనే అది హాయిగా రోజంతా నడుస్తుంది, ఆయన దాన్ని చూసి హాయిగా ఊరిని తప్పుపడతాడు. ఈ సంగతులన్నీ నాకు తర్వాత తెలిశాయి.

పరీక్ష శనివారం వచ్చింది. తిరువళ్ళూరులో ఒక కాలేజీలో. మధ్యాహ్నం ఒకటిన్నరకు మొదలు, పన్నెండున్నరకే గేటు మూస్తారని హాల్ టికెట్టు మీద నల్లగా అచ్చువేశారు. తిరుత్తణిలో పది నలభై ఐదుకు రైలుంది. అరక్కోణం మీదుగా పోయి గంటలోపే తిరువళ్ళూరులో దించుతుంది. ముందురోజు మామతో చెప్పాను, తొమ్మిదికి ముందే బయలుదేరతానని.

"తొమ్మిదికి ముందే పోతే అంగడోళ్ళకి సాపాటు ఎవురు చేస్తారు? పరీచ్చ మధ్యానం గదా, ఇప్పుడే పోయి ఆడేం చేస్తావు? పదిన్నరకి లేసి పో, రైలుండాది. నేను టైము చూసి చెప్తాను గదా" అన్నాడు.

మా ఆయన సరుకు కోసం చెన్నై పోయి ఉన్నాడు. ఇంట్లో ఉన్నా ఏమీ అనేవాడు కాదు, అది వేరే సంగతి.

ఆ శనివారం ఐదింటికి లేచి అన్నం, సాంబారు, పొరియలు కూర చేసి క్యారియర్లు కట్టాను. స్నానం చేసి, చీర కట్టుకుని, సంచీలో హాల్ టికెట్టు నాలుగుసార్లు చూసుకుని గడపకు లోపల నిలబడ్డాను. మామ కుర్చీలో ఉన్నాడు. నా ఫోనులో పదిన్నర అయింది. ఆయన చెయ్యి ఎత్తలేదు. పది ముప్పై రెండయింది.

"మామా, పదిన్నర దాటింది" అన్నాను.

"యాడ దాటింది?" ఎడమచెయ్యి ఎత్తి చూశాడు. "ఇంకా ఏడు నిమిషాలుండాది."

"ఫోనులో దాటింది మామా."

ఆయన నా ఫోను వైపు చూసిన చూపు నాకు ఇంకా గుర్తుంది. అంగడికొచ్చి స్టీలు బిందెకు అల్యూమినియం ధర అడిగినవాణ్ణి అలా చూస్తాడు. "నీ ఫోనెంత, ఇదెంత? పాతఫోను చెప్పినదాన్ని నమ్మి దీన్ని తప్పంటావా అమ్మీ? రాహుకాలంలో గడప దాటి పోయే పరీచ్చ ఎట్ల ముగుస్తాది? ఉండు. కొంచేం పొరుమ ఉండల్ల మనిసికి."

పొరుమ అంటే ఓర్పు. అది ఉండబట్టే నిలబడ్డాను. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మనిషితో వాదిస్తే ఇంకో రెండు నిమిషాలు పోతాయి తప్ప ఒరిగేదేమీ లేదని కూడా తెలుసు. నా ఫోనులో పది ముప్పై తొమ్మిది అయినప్పుడు ఆయన ముల్లు పన్నెండు మీదికి వచ్చింది. "ఊఁ, పో. బాగా రాయి" అన్నాడు, చాలా ప్రేమగా.

స్టేషను మా ఇంటికి పది నిమిషాల నడక. పరిగెత్తాను. నేను మెట్లెక్కి వంతెన మీదికి వచ్చేసరికి కింద రైలు కదులుతోంది. చివరి పెట్టె పోయేదాకా చూసి, వెనక్కి తిరిగి బస్టాండుకు పరిగెత్తాను. బస్సు నిండాలని డ్రైవరు కాసేపు ఆపాడు. కనకమ్మసత్రం దగ్గర ఎవరో మేకను ఎక్కించాలని కండక్టరుతో గొడవపడ్డారు, ఆ గొడవ తీరేదాకా బస్సు కదల్లేదు. తిరువళ్ళూరులో దిగి షేరు ఆటో పట్టుకుని కాలేజీ ముందు దిగేసరికి పన్నెండు ముప్పై నాలుగు.

గేటుకు గొలుసు వేసి ఉంది. "మణి ఆయిడుచ్చుమ్మా" అన్నాడు వాచ్‌మన్, టైం అయిపోయిందని. చంకలో పసిబిడ్డతో ఒకామె అప్పటికే అతణ్ణి బతిమాలుతోంది. నేనూ బతిమాలాను, తమిళంలో, తెలుగులో, చివరికి చేతులు జోడించి. అతను తన ఫోను తీసి మాకు చూపించాడు. నా ఫోనులాంటిదే, మూల పగిలింది. అక్కడ దాని ఖరీదు ఎవరూ అడగలేదు. అందులో ఎంతుందో దేశమంతా అంతే.

సాయంత్రం ఇంటికొచ్చాను. మామ సంగతంతా విని నిట్టూర్చాడు. "ప్రాప్తం లేదమ్మా, అంతే. రాహుకాలంలో పోయుంటే యాక్సిడెంటే అయ్యుండునేమో. ప్రాణం మిగిలింది గదా" అన్నాడు. అరికాలి మంట నెత్తికెక్కడం అంటే ఏమిటో నాకు ఆ నిమిషం తెలిసింది. అయినా దోసెలు పోసి పెట్టాను. ఆయన నాలుగు తిన్నాడు, చట్నీ బాగుందన్నాడు. రాత్రి ఇంటికొచ్చిన మా ఆయన "మళ్ళా పెడతారులే" అన్నాడు. ఆ ఇద్దరి మీద ఉన్నంత కోపమూ నాకు నా కాళ్ళ మీద కూడా ఉంది. గడప ఎత్తు నాలుగు అంగుళాలు. ఆయన కుర్చీలోంచి లేచి నన్ను పట్టుకోబోయేవాడు కాదు. తొమ్మిది నిమిషాలు ఆ నాలుగు అంగుళాల ముందు గొర్రెలా నిలబడింది నేనే.

మరుసటిరోజు నుంచి రాయడం మొదలుపెట్టాను. పరీక్షకు నోట్సు రాసుకున్న పుస్తకంలో ఖాళీ పేజీలు మిగిలాయి గదా, వాటిలో. ప్రతి ఉదయం కాఫీ ఇచ్చేటప్పుడు ఆయన మణికట్టు చూసేదాన్ని, వంటింట్లోకి వచ్చి ఫోను చూసేదాన్ని, తేడా రాసుకునేదాన్ని. రాత్రి పడుకునే ముందు ఇంకోసారి. దొంగతనంగా చేయాల్సి వచ్చింది, కాని దొంగతనంలో కూడా ఒక సుఖం ఉంటుందని అప్పుడే తెలిసింది. మూడు వారాల్లో నాకు దాని జాతకమంతా చేతికొచ్చింది. నడుస్తున్నంతసేపు అది మంచిదే, రోజుకు మూడు నాలుగు సెకన్లు ముందుకు పోతుంది. అంగడిలో కూర్చున్న రోజుల తర్వాత మాత్రం చచ్చీ చెడీ నడిచి, తెల్లవారుజామున ఆగుతుంది. ఆడి నెలలో, అంటే ఆషాఢంలో, ఆయన పెరియపాళయం అమ్మవారి గుడికి పోయి, జనంలో తోసుకుంటూ రెండు రోజులు నడిచి వచ్చాడు. ఆ రెండు రోజులకూ కలిపి తేడా ఏడు సెకన్లు. తిరిగొచ్చి గల్లాపెట్టె దగ్గర కూర్చున్నాడు, మూడోనాటికి మళ్ళీ ఆగింది. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు, ఇది పాపం చిన్న స్ప్రింగు.

పుస్తకం మా ఆయనకు చూపించాను. ఆయన మొదట అయస్కాంతం మీద పెట్టాడు తప్పు. పాత్రల అంగడిలో గల్లాపెట్టె దగ్గర ఎప్పుడూ ఒక అయస్కాంతం ఉంటుంది. కొనేవాళ్ళు దాన్ని బిందెకు ఆనించి చూస్తారు, అతుక్కుంటే సరుకు నాసిరకమని. దానివల్లే గడియారం చెడిందేమో అని, మామకు సర్వీసని చెప్పి చెన్నై తీసుకుపోయాడు. అక్కడివాడు దాన్ని ఒక మిషను మీద పెట్టి చూశాడట. అయస్కాంతం తగిలితే ముందుకు పరిగెడుతుంది సార్, వెనకబడదు అన్నాడట. రోజుకు నాలుగు సెకన్లు ముందు పోతోంది, ఈ జాతి గడియారానికి అది చాలా మంచి నడక అన్నాడట. నా పుస్తకంలోనూ నాలుగే. తర్వాత మెల్లగా అడిగాడట, "మీ నాయనగారికి ఒంట్లో బాగాలేదా సార్? చెయ్యి ఆడించరా?" రోజూ పొద్దున పక్కనున్న మర ఇరవై ముప్పై చుట్లు తిప్పితే చాలునని చెప్పి పంపాడు.

మా ఆయన ఈ మాట మామతో చెప్పడానికి రెండు రోజులు తీసుకున్నాడు. చెప్పిన రోజు నేను తలుపు చాటున ఉన్నాను.

"నా చెయ్యి ఆడదంటాడా వాడు?" అన్నాడు మామ. "కారు కొని రోజూ తోసుకోని పోవల్లనా? మర తిప్పేదానికైతే నాకు మా తాతది ఒకటుండె గదా!"

"చుట్లు తిప్పితే చాలంట నాయనా."

"నేను తిప్పను." వంటింటి వైపు చూసి గొంతు పెంచాడు. "అమ్మీ! పొద్దున పని చేసేటప్పుడు నువ్వు కట్టుకో దీన్ని. నీ చెయ్యి ఎట్లా ఆడతానే ఉంటాది గదా. అంగడికి పోయేటప్పుడు నాకు ఇచ్చెయ్."

నా పరీక్ష పోవడానికి కారణం ఆ గడియారమని ఆయనకు ఆ రోజు తెలిసింది. నా పుస్తకం ఆయన ముందే ఉంది, మా ఆయన తెచ్చి పెట్టాడు. పరీక్ష రోజున అది తొమ్మిది నిమిషాలు వెనక ఉందని ఆ లెక్కల మొదటి పేజీలోనే రాశాను. తెలుగు చదవడం ఆయనకు రాదు గాని అంకెలు వస్తాయి. పుస్తకం మూసి, గడియారం తీసి, ఇదిగో అని చాచాడు. ఆ చెయ్యి కొరికేయాలనిపించింది. తీసుకుని కట్టుకున్నాను.

అలా ఇంటి గేదెకు మేత వేసినట్టు ఆ గడియారానికి నేను ఊపు వేసే పని మొదలైంది. ఐదింటికి కట్టుకునేదాన్ని. వాకిలి ఊడ్చి ముగ్గు వేయడం, అంట్లు, పిండి కలపడం, చట్నీ, బట్టలు పిండటం, ఏడుగురి సాపాటు. అద్దంలోంచి చూస్తే ఆ అర్ధచంద్రం వెర్రెత్తినట్టు తిరిగేది. స్ప్రింగు నిండిపోయేది. మామ సాయంత్రం దాకా బొమ్మలా కూర్చున్నా, రాత్రంతా బల్ల మీద పడున్నా ఇక అది ఆగలేదు. వారానికి అరనిమిషం ముందుకు పోతే ఎక్కువ. వచ్చినవాళ్ళందరికీ మామ చూపించేవాడు. "రిపేరుకు కూడా ఏమీ ల్యాకుండా సరయిపోయె. సరుకు అట్లాంటిది."

ఒక నిజం ఒప్పుకోవాలి. దాన్ని కట్టుకోవడం నాకు నచ్చింది. ముగ్గు గీసే చేతి మీద ఆ ముల్లు జారుతుంటే చూడటం నచ్చింది. నా పని ఎంతో ఎవరూ ఎన్నడూ చెప్పలేదు, అది చెప్పేది. నచ్చినందుకు నా మీద నాకు ఇంకా కోపం వచ్చేది, అంగడికి పోయే ముందు ఆయన చెయ్యి చాచినప్పుడు విప్పి ఇచ్చేటప్పుడైతే మరీను.

మరుసటి ఏడాది ప్రభుత్వానికి మళ్ళీ బుద్ధి పుట్టింది. పరీక్ష పెట్టారు. అదే తిరువళ్ళూరు, అదే కాలేజీ, అదే టైం, మళ్ళీ శనివారం. వయసు లెక్క చూసుకుంటే నాకు ఇంకోసారి అవకాశం ఉంటుందో లేదో చెప్పలేను. ఈసారి మామ తనే పిలిచి చెప్పాడు.

"పోయినసారి జరిగినట్ల ఇప్పుడు జరగదు. వాచీ కరెక్టుగా ఉండాది. సరిగ్గా పదిన్నరకి నేనే పంపిస్తాను, పదిన్నరంటే పదిన్నరే. రైలు తప్పదు. సరేనా?"

ఆయన మాటలో అబద్ధం లేదు. గడియారం నిజంగానే సరిగ్గా ఉంది, నా చేతితో సరయింది. పదిన్నరకు పంపితే రైలు నిజంగానే దొరుకుతుంది. వారం రోజులు ఆ మాట నన్ను తినేసింది. ఇన్నాళ్ళూ నా కోపమంతా ఆ తొమ్మిది నిమిషాల మీదేనని అనుకున్నాను. ఇప్పుడు తొమ్మిది నిమిషాలు లేవు, నాలుగు సెకన్లు కూడా లేవు. కుర్చీ మాత్రం గడప పక్కనే ఉంది. నేను పరీక్షకు ఎప్పుడు పోవాలో ఆ కుర్చీయే చెబుతుంది, ఈసారి ఇంకా కచ్చితంగా చెబుతుంది. దాన్ని అంత కచ్చితంగా చేసిపెట్టింది నేను. రోజూ ఐదింటికి లేచి.

శనివారం నాలుగింటికే లేచాను. వంట ముగించాను, క్యారియర్లు కట్టాను, ఆయనకు ఇడ్లీలు పెట్టాను. స్నానం చేసి చీర కట్టుకున్నాను. గడియారం నా చేతికే ఉంది. శనివారం అంగడి పదిన్నరకు గదా, అప్పుడే ఇవ్వడం అలవాటు. తొమ్మిది నలభైకి సంచీ భుజాన వేసుకుని గడప దగ్గరికి వచ్చాను. మామ కుర్చీలో కూర్చుని పేపరు చూస్తున్నాడు. తలెత్తాడు.

"యాడికి?"

"పరీక్షకు మామా."

"టైమెంతాయె?" అని ఎడమచెయ్యి ఎత్తాడు. మణికట్టు బోసిగా ఉంది. గడియారం నాదగ్గర ఉందని ఆయనకు అప్పుడు గుర్తొచ్చింది. నా చేతి వైపు చూశాడు.

నేను చెయ్యి తిప్పి చూసి చెప్పాను. "తొమ్మిదీ నలభై ఒకటి మామా. రాహుకాలం ఇంకా నలభై తొమ్మిది నిమిషాలుంది. తప్పుండదు, మీ వాచీనే."

కుడికాలు ముందు పెట్టానో ఎడమకాలు పెట్టానో గుర్తులేదు. దాటాను. వెనక "ఏయ్, ఏయ్, అమ్మీ" అని వినిపించింది. కుర్చీ కిర్రుమన్న చప్పుడు మాత్రం వినిపించలేదు. వీధి మలుపు దాకా పరిగెత్తలేదు, నడిచాను. మలుపు తిరిగాక ఒక ఇంటి గోడ పట్టుకుని నిలబడ్డాను. తర్వాత స్టేషనుకు పోయి, పది నలభై ఐదు రైలు కోసం గంటసేపు బెంచీ మీద కూర్చున్నాను. ముందు రైలు లేదు. ఆ రైలుకే పోవాల్సింది, పదిన్నరకు బయలుదేరినా అదే రైలు. ఆ గంట నాకు దేనికీ అక్కరలేదు. అయినా నా జీవితంలో అంత బాగా కూర్చున్న గంట ఇంకొకటి లేదు.

పరీక్ష హాల్లోకి గడియారాలు రానివ్వరు. విప్పి సంచీలో వేసి, సంచీని మెట్ల పక్కన మిగతా సంచీల మధ్య పెట్టాను. వాచ్‌మన్ అతనే. నన్ను గుర్తుపట్టలేదు. మూడు గంటలు రాశాను.

ఆ రోజు అంగడి పదకొండు దాటాక తెరిచారని పనివాళ్ళు తర్వాత చెప్పారు. వంటింటి గోడ మీది ప్లాస్టిక్ గడియారం పదిన్నర చూపించినా, ఫోన్లు చూపించినా మామ నమ్మలేదట. ఎందుకైనా మంచిదని ఇంకో అరగంట ఆగాడట. సాయంత్రం నేను గడియారం ఆయన ముందు బల్ల మీద పెట్టాను. మరునాడు పొద్దున ఐదింటికి అది బల్ల మీదే ఉంది, నేను కట్టుకోలేదు. ఆ మరునాడూ కట్టుకోలేదు.

ఉద్యోగం వచ్చింది. పళ్ళిపట్టు దగ్గర అత్తిమంజేరిపేట వైపు ఒక బడి. ఇరవై ముగ్గురు పిల్లలు, రెండు గదులు. అంగడివాళ్ళకు సాపాటు ఇప్పుడు హోటలు నుంచి వస్తుంది. ఉప్పు ఎక్కువని మామ రోజూ అంటాడు. నాకేం జాలి కలగలేదు. కలగాలని కూడా లేదు.

బస్సు ఎనిమిదీ పదికి. సోమవారం నిండు రాహుకాలంలో, ఎనిమిదింటికి ఇల్లు దాటాలి. మామ కుర్చీలోనే ఉంటాడు. నేను సంచీ తీసుకుని రాగానే ఎడమచెయ్యి ఎత్తి చూసుకుంటాడు. గడియారం కట్టుకునే ఉంటాడు, అది మాత్రం ఎప్పుడో తెల్లవారుజామున ఆగి, ఆయన చెయ్యి తగిలాక మళ్ళీ వెనకబడి నడుస్తుంటుంది. టైమెంతని ఆయన నన్ను అడగడు. నేను చెప్పను. గడప దాటి పోతాను.